పాత కారు భాగాలు: బాగు చేయించాలా, మార్చాలా? ఎలా తేల్చుకోవాలి?

అనంతపురంలో పన్నెండేళ్ల కారును షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ చెప్పే జాబితా పొడుగ్గానే ఉంటుంది. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఒక్కో భాగానికీ ఒకటే అడగండి: "అన్నా, ఇది దారిలో పోతే ఏమవుతుంది?"

1. ప్రాణం మీదికొచ్చేవి ముందు. బ్రేకులు, స్టీరింగు, టైర్ల దగ్గర బేరం వద్దు. బ్రేకు ప్యాడు 3 మిల్లీమీటర్లకు అరిగితే మార్చేయండి. బ్రేకు డిస్కు (ప్యాడు పట్టుకునే ఇనుప పళ్లెం) మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది. అంతకు తగ్గినదాన్ని లేత్ మీద నున్నగా చెక్కించి లాభం లేదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

2. రబ్బరును అతికించొద్దు. మన ఎండకు, దుమ్ముకు ముందు పోయేది అదే. స్టీరింగు పూర్తిగా తిప్పి, ముందు చక్రం వెనక టార్చి వేసి చూడండి. చక్రాన్ని తిప్పే కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) చివర జాయింటు మీద మడతలు మడతలుగా నల్లటి రబ్బరు తొడుగు (బూటు) ఉంటుంది. మడత మధ్య చీలిక ఉన్నా, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన మరకలున్నా అది చిరిగినట్టు. మలుపుల్లో టక్‌టక్ శబ్దం ఇంకా రాకుంటే జాయింటు కడిగించి కొత్త గ్రీజు, కొత్త బూటు వేయిస్తే చాలు. శబ్దం మొదలైతే జాయింటే మార్చాలి. అందుకే నెలకోసారి వంగి చూడమంటాను.

3. ఆల్టర్నేటరు (బ్యాటరీని ఛార్జ్ చేసేది), స్టార్టరు (ఇంజనును స్టార్ట్ చేసే మోటారు) బాగు చేయించొచ్చు. చాలాసార్లు పోయేవి బ్రష్‌లు, బేరింగులే. పనయ్యాక ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెట్టించండి; సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి.

4. రేడియేటరు ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మార్చండి. ఒక మే నెలలో నేను బంక పెట్టించి కర్నూలు బయల్దేరాను. గుత్తి దాటకముందే అతుకు ఊడి, నీళ్లన్నీ పోయాయి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు చేరకముందే బండి పక్కకు తీశాను కాబట్టి ఇంజను దక్కింది. పిల్లలతో ఆ ఎండలో రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడ్డాం.

5. ఇంజను, గేర్‌బాక్సు విప్పే ముందు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) గడువు తేదీ చూడండి. సొంత కారుకు మొదట 15 ఏళ్లు, తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగింపు. గడువు దగ్గరపడితే, పొడిగిస్తారా అమ్ముతారా తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి.

ఏది మార్చినా పాత భాగం చేతికి ఇమ్మనండి. ఎక్కడ అరిగిందో మెకానిక్‌తోనే చూపించుకోండి.