చెరువు గట్టు పాఠాలు – 3: జమ్మును గుర్తుపట్టడం, కోయడం, పేనడం

పోయిన పాఠంలో తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడమన్నాను. మూడు పలకలు వేలికి తగిలితే అది తుంగ. ఈసారి అదే చెరువుకు వెళ్లి, తుంగ దాటి కాస్త లోతు వైపు చూడండి. మనిషిని మించిన ఎత్తులో, కత్తుల్లా నిటారుగా నిలబడ్డ ఆకుల గుంపు కనిపిస్తుంది. అదే జమ్ము. రాయలసీమలో జంబు అంటారు. జంబు పెరిగిన మడుగు కాబట్టే జమ్మలమడుగుకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. శాస్త్రంలో దీని పేరు టైఫా.

దూరం నుంచి చూస్తే జమ్ము, కిక్కిస, రెల్లు ఒకేలా అనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే తేడా తెలిసిపోతుంది. కిక్కిసకు వెదురులా కణుపులు ఉంటాయి. రెల్లు ఎక్కువగా గట్టు మీద, ఇసుక మేటల్లో పెరిగి శరదృతువులో తెల్లగా పూస్తుంది. జమ్ము ఆకుకు కణుపు ఉండదు. ఆకులన్నీ మొదట్లోంచే రెండు వరసలుగా, ఒకదాన్నొకటి ఒరలా చుట్టుకుని లేస్తాయి.

ఒక ఆకును మొదటికి దగ్గరగా అడ్డంగా కోయండి. ఒక వైపు చదునుగా, ఇంకో వైపు ఉబ్బుగా ఉంటుంది. లోపల తెల్లటి గదులు కనిపిస్తాయి. నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉంటుంది. ఈ గదుల్ని బాగా గుర్తుపెట్టుకోండి, జమ్ము బతుకంతా వీటిలోనే ఉంది. చెరువు అడుగు బురదలో గాలి ఆడదు. అయినా దీని దుంప అక్కడ పెరుగుతోందంటే, లేత ఆకుల్లోంచి గాలి కిందికి దిగి, దుంపదాకా వెళ్లి, పాత ఎండు ఆకుల్లోంచి బయటికి పోతుంది కాబట్టే. ఎండి విరిగిన మోడు కూడా నీటి పైకి ఉన్నంతకాలం దుంపకు గాలి గొట్టంలా పనిచేస్తుంది.

ఇక కంకి. సజ్జ కంకిని తలపించే గోధుమరంగు కంకి, పెద్ద అగరొత్తిలా కాడ చివర నిలబడి ఉంటుంది. ఆ మఖమల్ లాంటి భాగం ఆడది. దానికి పైన సన్నగా ఉండేది మగది. పుప్పొడి రాలాక మగ భాగం ఊడిపోయి ఉత్త పుల్ల మిగులుతుంది. మన చెరువుల్లో దొరికే రకాల్లో ఆడ, మగ భాగాల మధ్య సాధారణంగా కొంచెం ఖాళీ కాడ కనిపిస్తుంది. చల్లటి దేశాల్లో పెరిగే వెడల్పాకు జమ్ములో ఆ ఖాళీ దాదాపు ఉండదు. ముదిరిన కంకిని గిల్లితే దూది పొంగుతుంది. ఒక్క కంకిలో లక్షకు పైగా గింజలు ఉండొచ్చు, అన్నీ గాలికి ఎగిరిపోయేవే. నీళ్లు తగ్గి బయటపడ్డ తడి బురద కనిపిస్తే చాలు, మొలుస్తాయి.

మొక్కను గుర్తుపట్టారు కదా, ఇప్పుడు దాన్ని బట్టి నీటిని చదవండి. జమ్ము సాధారణంగా మోకాలి నుంచి నడుము లోతు వరకు ఉన్న నీటిలో నిలుస్తుంది. అది ఏటా లోపలికి జరుగుతుంటే అక్కడ పూడిక పేరుకుంటోందని అనుమానించండి. మురుగు కలిసే చోట, పొలాల ఎరువు కొట్టుకొచ్చే చోట విపరీతంగా కమ్ముకుంటుంది. కాస్త ఉప్పునీటినీ ఓర్చుకుంటుంది. కొల్లేరులో కిక్కిసతో పాటు జమ్ము కూడా దట్టంగా పెరుగుతుంది. ఆ గుబురు నీటికోళ్లకు ఇల్లు. గిజిగాడి జాతిలోనే కొన్ని పిట్టలు ఈ ఆకుల మధ్య గూళ్లు అల్లుకుంటాయి. అందుకే మొత్తం పీకేయాలనే మాట నాకు నచ్చదు. తూము దగ్గర, కాలువలో నీటికి అడ్డమైన చోట మాత్రం తీయాల్సిందే.

తీయడానికీ పద్ధతి ఉంది. మా ఊరి చెరువు తూము దగ్గర ఒకసారి మనుషుల్ని పెట్టి, నీటికి కాస్త పైగా కొడవళ్లతో కోయించారు. మూడు వారాలు తిరక్కుండానే మోకాలెత్తు చిగుళ్లు వచ్చాయి. కూలి డబ్బులన్నీ పోయాయని అందరం బాధపడ్డాం. గాలి గొట్టాలు నీటి పైనే మిగిలాయి కదా! నీటి మట్టానికి కనీసం జానెడు కింద కోయాలి, కొన్ని వారాల పాటు మోళ్లు మునిగే ఉండాలి. అప్పుడు దుంపకు ఊపిరాడదు. చెరువు ఎండి ఉంటే, వానలకు ముందు నేలమట్టంగా కోస్తే నిండే నీరే ఆ పని చేస్తుంది. మగ పుప్పొడి రాలి, ఆడ కంకి ఇంకా పచ్చగా ఉన్నప్పుడు కోయడం మరీ మంచిది. అప్పటికి దుంపలోని పిండి పదార్థం చాలావరకు ఖర్చయి ఉంటుంది. ఒంటరిగా దిగకండి. అడుగు పెట్టేముందు కర్రతో బురద లోతు చూసుకోండి, పాములుంటాయి.

కోసిన దాన్ని కాల్చేయకండి. ఆకు చాపలకు, తడికలకు, ఇంటి కప్పుకు పనికొస్తుంది. దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో దీని పుప్పొడితో ఖిర్రెత్ అనే పసుపుపచ్చ మిఠాయి చేస్తారు. 1942లో జావా జపాన్ చేతిలోకి వెళ్లి బూరుగు దూది అందకపోవడంతో, అమెరికాలో లైఫ్ జాకెట్లలో నింపడానికి జమ్ము దూదినీ వాడారు. దుంప కూడా తినదగినదే. అయితే ఈ మొక్క నీటిలోని విషలోహాలను పీల్చుకుంటుంది, కాబట్టి మురుగు చెరువు దుంపను నోట పెట్టవద్దు.

ఇప్పుడు చేతిపని. ముదిరిన పచ్చి ఆకులు ఇరవై కోసి, నీడన బాగా ఆరనివ్వండి. ఎండలో వేస్తే పెళుసెక్కుతాయి. పేనే ముందురోజు రాత్రి తడి గుడ్డలో చుట్టి ఉంచండి. పొద్దునకి తోలులా వంగుతాయి. రెండు పాయలు తీసుకుని చివర ముడి వేయండి. ఒక్కో పాయను కుడివైపు మెలిపెడుతూ, రెండింటినీ ఎడమవైపుకి ఒకదానిమీద ఒకటి దాటించండి. ఎదురు మెలికలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పాయ సన్నబడేలోపే కొత్త ఆకు చేర్చండి. రెండు పాయల్లోనూ ఒకే చోట అతుకు పడితే తాడు అక్కడే తెగుతుంది.

వచ్చే పాఠానికి మూరెడు తాడు పేని ఉంచుకోండి. దాంతోనే చాప అంచు కట్టడం మొదలుపెడదాం. మీ చెరువులో జమ్ము ఎంత లోతు వరకు వెళ్లిందో కర్రతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ కొలత మనకు కావాలి.