హైపర్-వీ హోస్ట్‌లో టీమింగ్ మార్చే ముందు జాగ్రత్తలు

విండోస్ సర్వర్‌లో వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే హైపర్-వీ హోస్ట్‌లో, నెట్‌వర్క్ కార్డులను ఒక్కటిగా కలిపే టీమింగ్‌ను మార్చేటప్పుడు ముందు తెగేది మీ రిమోట్ కనెక్షనే. హోస్ట్ ఐపీ ఒక అడాప్టర్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు చిన్న పొరపాటు జరిగినా రిమోట్ డెస్క్‌టాప్ తిరిగి రాదు. అందుకే ఐలో, ఐడ్రాక్ లాంటి, విండోస్‌తో సంబంధం లేకుండా సర్వర్‌ను దూరం నుంచి నడిపే కన్సోల్‌లోకి ముందే లాగిన్ అయి చూసుకోండి. ఆ కన్సోల్ సర్వర్ నెట్‌వర్క్ పోర్టునే పంచుకుంటుంటే నమ్మకండి, దానికి విడి కేబుల్ ఉండాలి. ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, వీలాన్ (ఒకే వైరు మీద నడిచే విడి నెట్‌వర్క్) నంబర్లు కాగితం మీద రాసుకోండి. సర్వర్‌లో దాచిన ఫైలు ఆ సమయానికి అందదు.

విండోస్‌లోని పాత టీమింగ్ అయిన ఎల్‌బీఎఫ్ఓ టీమ్ మీద, వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే వర్చువల్ స్విచ్ కట్టే పద్ధతిని వదిలేయండి. విండోస్ సర్వర్ 2022లో హైపర్-వీ మేనేజర్ దాన్ని ఒప్పుకోదు. 2016 నుంచి ఉన్న ఎంబెడెడ్ టీమింగ్‌లో టీమ్ స్విచ్‌లోనే భాగం. ఇందులో 8 కార్డుల దాకా చేర్చవచ్చు, కానీ అన్నీ ఒకే మోడల్, ఒకే డ్రైవర్, ఒకే వేగం కావాలి. ఇది ఎల్ఏసీపీతో (సర్వర్, ఫిజికల్ స్విచ్ మాట్లాడుకుని పోర్టులను కలిపే పద్ధతి) పనిచేయదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఫిజికల్ స్విచ్‌లో పాత పోర్ట్-ఛానల్ (కలిపి ఉంచిన పోర్టుల గుంపు) అలాగే ఉండిపోతుంది. అది ఎల్ఏసీపీ లేని స్టాటిక్ ఛానల్ అయితే ఒక వీఎం ట్రాఫిక్ రావలసిన కార్డుకు కాకుండా పక్క కార్డుకు వస్తుంది. కొన్ని వీఎంలు పలుకుతాయి, కొన్ని పలకవు, కారణం అంతుపట్టదు. పోర్టులను ఛానల్ నుంచి తీసి, మామూలు ట్రంక్‌గా (పలు వీలాన్లు వెళ్లే పోర్టుగా) పెట్టించండి.

రెండు కార్డులే ఉంటే ఒకదాన్ని పాత టీమ్ నుంచి విడదీసి, దాని ఫిజికల్ పోర్టును ఛానల్ నుంచి తీయించి, దానితో కొత్త స్విచ్ చేయండి. న్యూ-వీఎంస్విచ్ కమాండ్‌లో ఎనేబుల్-ఎంబెడెడ్-టీమింగ్‌ను ట్రూ చేయడం మరవకండి. ఒక్క కార్డుతో మామూలుగా చేసిన స్విచ్‌ను తర్వాత టీమ్‌గా మార్చలేరు. ఎస్ఆర్-ఐఓవీ (వీఎం నేరుగా కార్డును వాడుకునే సౌకర్యం), మినిమమ్ బ్యాండ్‌విడ్త్ మోడ్ (కనీస వేగం కేటాయించే తీరు) కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి, తర్వాత మార్చాలంటే స్విచ్‌నే తీసి మళ్లీ కట్టాలి. వీఎంలను ఒక్కొక్కటిగా కొత్త స్విచ్‌కు మార్చండి. హోస్ట్ ఐపీని చివర్లో, కన్సోల్ నుంచే మార్చండి. పాత స్విచ్, పాత టీమ్ తీసేశాక రెండో కార్డును చేర్చండి.

వీలాన్ నంబరును ఫిజికల్ కార్డు డ్రైవర్‌లో పెట్టకండి, వర్చువల్ అడాప్టర్‌కే ఇవ్వండి. స్విచ్ పేరు హోస్ట్‌లన్నింటిలో అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే లైవ్ మైగ్రేషన్ (వీఎంను ఆపకుండా ఇంకో హోస్ట్‌కు మార్చడం) ఆగిపోతుంది. జంబో ఫ్రేమ్‌లు (మామూలుకన్నా పెద్ద ప్యాకెట్లు) వాడితే ఫిజికల్ కార్డు, వర్చువల్ అడాప్టర్, బయటి స్విచ్ మూడింటా పెట్టి, ముక్కలు కాకుండా 8972 బైట్ల పింగ్ పంపి చూడండి.

హోస్ట్‌కూ రెండు మూడు వీఎంలకూ పింగ్ నడుస్తుండగా ఒక కేబుల్ పీకండి. ఒకటి రెండు ప్యాకెట్లు పోతే ఫర్వాలేదు. కేబుల్ పెట్టాక పోర్టు అర నిమిషం మౌనంగా ఉంటే, అక్కడ స్పానింగ్ ట్రీ (స్విచ్‌లలో లూప్‌లను ఆపే ఏర్పాటు) ఎడ్జ్ సెట్టింగ్ లేదన్నమాట. పోర్టు సరిగ్గా లేచిందని చూశాకే రెండో కేబుల్ పీకండి.