ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ - 4వ పాఠం: డాక్టరుగారు అడిగిన గడి

పోయిన పాఠంలో రిజిస్ట్రేషన్ తెర గీశాం, 14 అంకెల ఆభా నంబరుకు (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు) గడి పెట్టాం. ఇవాళ అసలు తలనొప్పి. ప్రతి డాక్టరూ "నాకు నా పద్ధతిలోనే కావాలి" అంటారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక క్లినిక్ ఉందనుకోండి. అక్కడి డాక్టరుగారు పరగడుపు షుగర్‌ని "ఎఫ్‌బీఎస్" అని రాస్తారు. అమీర్‌పేట ల్యాబ్ రిపోర్టులో "గ్లూకోజ్, ఫాస్టింగ్" అని వస్తుంది. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటరుకు కాదు. అందుకే లోపల దాచేటప్పుడు పేరు పక్కన లాయింక్ కోడ్ కూడా దాస్తాం. లాయింక్ అంటే ఒక్కో ల్యాబ్ పరీక్షకు ఒక్కో నంబరు ఇచ్చే అంతర్జాతీయ జాబితా. సీరం లేదా ప్లాస్మాలో చూసిన పరగడుపు గ్లూకోజ్‌కి అది 1558-6. తెర మీద మాత్రం ఆయన ఏ పేరు అడిగితే ఆ పేరే చూపించండి, మనదేం పోయింది!

యూనిట్ దగ్గర మాత్రం మొహమాటపడకండి. మన దగ్గర షుగర్ లెక్క డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని. బ్రిటన్ నుంచి వచ్చినాయన కాగితంలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్స్ అని ఉంటుంది. అక్కడి 7 ఇక్కడ దాదాపు 126. ఒట్టి 7 అని దాచారో, షుగర్ ప్రాణం మీదికొచ్చేంత పడిపోయిందనుకుని డ్యూటీ డాక్టరు పరుగెత్తుకొస్తారు.

కొత్తలో నేను ఒక క్లినిక్ వాళ్లు అడిగిన ప్రతి గడీ ఇచ్చేశాను. అలర్జీలు కూడా "ఇతర వివరాలు"లోకే పోయాయి. పెనిసిలిన్‌ని ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాశారు, ఒకరైతే "ఆ సూది పడదు" అని ఊరుకున్నారు. మందు రాస్తుంటే హెచ్చరిక రాలేదు. మందుల షాపు కుర్రాడు "ఏమైనా పడవా అమ్మా?" అని అడగబట్టి సరిపోయింది. అలర్జీ, మందు, పరీక్ష ఫలితం: ఈ మూడూ కోడ్‌తోనే ఉండాలి, ఎవరు బతిమాలినా సరే.

అలాగని అన్నీ బిగించేస్తే ఇంకో గొడవ. కోడ్ ఎంచుకోనిదే పేజీ కదలదంటే, ఓపీలో క్యూ ఉన్న డాక్టరు జాబితాలో కనిపించిన మొదటిది నొక్కేస్తారు. పాతబస్తీ డాక్టరు "రంజాన్ ఉపవాసాలకు మాత్రల వేళ మార్చాను" అని రాసుకోవడానికి చోటడిగితే అది న్యాయమైన కోరికే. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్‌లు ఒకదానితో ఒకటి రికార్డులు పంచుకోవడానికి వాడే ఫైర్ ప్రమాణంలో, మందు చీటీకి ఇలాంటి మాటల కోసం నోట్ అనే గడి ముందే ఉంది, అందులో పెట్టండి. ప్రమాణంలో అసలు చోటే లేని గడి అడిగితే ఎక్స్‌టెన్షన్ అనే దారి ఉంది.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న రెండు వేర్వేరు ల్యాబ్‌ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోండి. ఒకే పరీక్షకు పేరు, యూనిట్, నార్మల్ రేంజ్ ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో రాయండి. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షతో మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని.