పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ – 4వ పాఠం: పని లేకపోయినా ఆగని ఫ్యాన్

బ్యాటరీ ఎంత అరిగిందో లెక్కగట్టడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. బ్యాటరీ బాగానే ఉందని తేలినా గంట కూడా నిలవని ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉంటాయి. తెర మీద ఒక్క ప్రోగ్రాం కూడా తెరిచి ఉండదు, అయినా ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలతాయి. దీనికి ఒక్కోసారి కారణం లైనక్సూ కాదు, బ్యాటరీ కూడా కాదు, మదర్‌బోర్డు మీద ఉండే ఫర్మ్‌వేర్, అంటే తయారుచేసినవాళ్లు బోర్డు చిప్‌లోనే రాసి పెట్టిన సాఫ్ట్‌వేర్. ఈ పాఠం ఆ ఒక్క జబ్బు గురించే.

ముందు పాఠాల్లో లాగే కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. తికమక పడే చోట అక్షరాలు విడివిడిగా చెబుతాను.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి కరెంటు పొదుపు కోసం ఏసీపీఐ అనే పద్ధతి తెచ్చాయి. అంతకు ముందున్న ఏపీఎం పద్ధతిలో కరెంటు పొదుపు చాలావరకు బయాస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్) చేతిలో ఉండేది. ఏసీపీఐ వచ్చాక నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్‌ది అయింది. కానీ ఫలానా బోర్డు మీద మూత స్విచ్ ఎక్కడుంది, ఛార్జర్ పెడితే ఏ సిగ్నల్ వస్తుంది, ఈ సంగతులు ఆ బోర్డు తయారుచేసినవాళ్లకే తెలుసు. వాటన్నిటినీ వాళ్లు పట్టికలుగా, చిన్న ప్రోగ్రాములుగా రాసి ఫర్మ్‌వేర్‌లో పెడతారు. మన కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) బూట్ అయ్యేటప్పుడు వాటిని చదివి, అవసరమైనప్పుడల్లా నడుపుతుంది. బండి తోలేది కెర్నల్, దారి చెప్పేది ఫర్మ్‌వేర్ అనుకోండి. దారి తప్పు చెబితే ఎంత మంచి డ్రైవరైనా తిరిగిన చోటే తిరుగుతాడు.

ఇప్పుడు టెర్మినల్ తెరిచి సుడో (పూర్తి అధికారంతో నడపమని చెప్పే మాట), ఒక ఖాళీ, ఆ తర్వాత డి, ఎం, ఇ, ఎస్, జి అని ఐదు అక్షరాలు కొట్టండి. పాత మిషన్ అయితే 'ఏసీపీఐ బయాస్ ఎర్రర్' అని ఎర్రటి లైన్లు నాలుగైదు కనిపించవచ్చు. వాటి చివర 'ఏఈ నాట్ ఫౌండ్' అని ఉంటే, ఫర్మ్‌వేర్‌లోని ప్రోగ్రాం ఏదో ఒక పేరును పిలిచింది, ఆ పేరుతో పట్టికల్లో ఏదీ లేదు అని అర్థం. ఈ మోడల్‌లో పెట్టని ఏదో భాగం గురించిన కోడ్‌ను తీసెయ్యకుండా వదిలేసినా ఈ లైన్ వస్తుంది. చూసి టెన్షన్ పడకండి. బూట్‌లో ఒక్కసారి వచ్చి ఆగిపోయే లైన్‌ను నేను పట్టించుకోను. గంట తర్వాత చూసినా అదే లైన్ మళ్లీ మళ్లీ పడుతుంటే మాత్రం పట్టించుకోవాలి.

ఈ లైన్లు చూసి భయపడినవాళ్లకు కెర్నల్ లైన్‌లో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే సూచనల వరుసలో) 'ఏసీపీఐ ఈక్వల్స్ ఆఫ్' అని రాసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్లు మాయమైపోతాయి, నిజమే. వాటితోపాటు బ్యాటరీ శాతం, మూత మూస్తే నిద్రపోవడం కూడా పోతాయి. కొన్ని మిషన్లలో ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మాత్రమే పనిచేస్తుంది. తలనొప్పికి తల తీసెయ్యమన్నట్టే.

మా పెద్దమ్మ గారి అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. వాడి 2013 నాటి ల్యాప్‌టాప్ పోయిన వేసవిలో నా దగ్గరికి వచ్చింది. బ్యాటరీ 50 నిమిషాలకే అయిపోతోంది. రిపేర్ షాపులో బ్యాటరీ మార్చమన్నారట, వాడు డబ్బులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ముందు టాప్ కమాండ్ పెట్టి చూశాను. పైన అన్నిటికంటే ఎక్కువ సీపీయూ తింటున్నది బ్రౌజర్ కాదు, 'కే వర్కర్' అనే పేరు, దాని తోకగా 'కే ఏసీపీఐ డీ'. అంటే కెర్నల్ ఏసీపీఐ పనులతో ఊపిరి సలపకుండా ఉంది. బ్యాటరీ మార్చి ఉంటే ఆ కొత్త బ్యాటరీ కూడా ఇలాగే కరిగిపోయేది.

ఏసీపీఐలో హార్డ్‌వేర్ నుంచి కెర్నల్‌కు వచ్చే పిలుపుల్లో ముఖ్యమైనవాటిని జీపీఈ (జనరల్ పర్పస్ ఈవెంట్) అంటారు. మూత మూసినా, ఛార్జర్ తీసినా ఏదో ఒక జీపీఈ మోగుతుంది. ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఏది ఎన్నిసార్లు మోగిందో కెర్నల్ లెక్క రాసి పెడుతుంది. ఆ లెక్క రూట్ కింద సిస్, అందులో ఫర్మ్‌వేర్, అందులో ఏసీపీఐ, అందులో ఇంటరప్ట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. సిస్ అంటే ఎస్, వై, ఎస్. సీడీ కమాండ్‌తో అక్కడికి వెళ్లి గ్రెప్, ఖాళీ, ఎనేబుల్డ్, ఖాళీ, జీపీఈ, దానికి ఆనించి నక్షత్రం గుర్తు కొట్టండి. ఈ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే.

వాడి మిషన్‌లో చాలా వరుసల్లో సున్నాలు, ఒకదాంట్లో కొన్ని వందలు, జీపీఈ 0డీ ఎదురుగా మాత్రం 18 లక్షల పైన ఉంది. అప్పటికి మిషన్ ఆన్ చేసి 20 నిమిషాలు. గడియారం చూసుకుంటూ 10 సెకన్లు ఆగి అదే కమాండ్ మళ్లీ కొట్టాను. 15 వేలు పెరిగింది. సెకనుకు 1500 సార్లు ఎవరో తలుపు కొడుతుంటే ఇంట్లోవాళ్లు నిద్రపోతారా? మీరు కూడా తప్పకుండా ఇలా రెండుసార్లు చూడండి. పెద్ద అంకె ఒక్కటే రుజువు కాదు, అది ఎంత వేగంగా పెరుగుతోందన్నదే రుజువు.

దొంగ దొరికింది కదా అని వెంటనే దాని నోరు మూసేయకూడదు. డి-ఎం-ఇ-ఎస్-జి లైన్లలో 'ఈసీ' కోసం వెతకండి. ఈసీ అంటే ఎంబెడెడ్ కంట్రోలర్, కీబోర్డునూ బ్యాటరీనీ ఫ్యాన్‌నూ చూసుకునే చిన్న చిప్. ఆ లైన్‌లో 'జీపీఈ ఈక్వల్స్' అని దాని నంబరు ఉంటుంది. మీ దగ్గర గోల చేస్తున్న నంబరూ అదే అయితే దాన్ని ఆపొద్దు. బ్యాటరీ శాతం, మూత, బ్రైట్‌నెస్ మీటలు అన్నీ దెబ్బతింటాయి. వాడి మిషన్‌లో ఈసీ నంబరు 17, గోల చేస్తున్నది 0డీ. వేర్వేరు కాబట్టి ముందుకు వెళ్లాను.

అయినా మొదట ఖర్చు లేని పనులు చేశాను. యూఎస్‌బీ పోర్టుల్లో ఉన్నవన్నీ పీకేశాను, లెక్క ఆగలేదు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్, బ్యాటరీ రెండూ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకున్నాను. ఈసీలో ఇరుక్కుపోయిన స్థితి ఇలా చేస్తే చాలాసార్లు వదులుతుంది. ఇక్కడ వదల్లేదు. తర్వాత బయాస్ తేదీ చూశాను. సిస్ కింద క్లాస్, డీఎంఐ, ఐడీ ఫోల్డర్లు దాటితే 'బయాస్ డేట్' అనే ఫైలు ఉంటుంది, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్. క్యాట్ కమాండ్‌తో చదవచ్చు. కొత్త బయాస్ దొరికితే అదే అసలైన మందు. దాన్ని ఎక్కించేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉండాలి, బ్యాటరీ కూడా నిండా ఉండాలి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు చేతికి రాకుండా పోవచ్చు. వాడి మోడల్‌కు మాత్రం కొత్త బయాసే లేదు.

ఇక మిగిలింది ఆ ఒక్క పిలుపును ఆపడం. ముందు సుడో, ఖాళీ, మైనస్ ఐ కొట్టి రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) మారి, సీడీతో మళ్లీ అదే ఇంటరప్ట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. ఇది ఎందుకంటే, ఎకో ముందు సుడో పెడితే ఎకోకే అధికారం వస్తుంది, ఫైల్లోకి రాసే బాణం గుర్తుకు రాదు. 'పర్మిషన్ డినైడ్' అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత ఎకో, ఖాళీ, డిసేబుల్, ఖాళీ, కుడివైపు బాణం, ఖాళీ, మీ జీపీఈ ఫైలు పేరు. ఫైలు పేరులో డీ పెద్ద అక్షరం. ఎంటర్ నొక్కిన పావు నిమిషంలో వాడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ నెమ్మదించింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగింది. అప్పటిదాకా వాడు ఆ మిషన్ నిశ్శబ్దంగా ఉండగా వినలేదట.

ఇది తాత్కాలికమే. రీస్టార్ట్ చేస్తే పోతుంది, అందుకే ప్రయోగానికి బాగుంటుంది. ఇదే స్థితిలో ఒకరోజు వాడుకోండి. మూత మూసి తెరవండి, ఛార్జర్ తీసి పెట్టండి, పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, బ్రైట్‌నెస్ మీటలు నొక్కండి. వాడి మిషన్‌లో ఒక్కటే పోయింది: నిద్రలో ఉన్నప్పుడు మౌస్ కదిపితే లేవడం. అది అక్కర్లేదన్నాడు.

అన్నీ బాగుంటేనే శాశ్వతం చేద్దాం. కెర్నల్ లైన్‌కు చేర్చాల్సిన మాట 'ఏసీపీఐ అండర్‌స్కోర్ మాస్క్ అండర్‌స్కోర్ జీపీఈ ఈక్వల్స్ 0 ఎక్స్ 0డీ', ఖాళీలు లేకుండా. జీపీఈ నంబర్లు హెక్సాడెసిమల్ పద్ధతిలో (9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే) ఉంటాయి కాబట్టి 0 ఎక్స్ మరిచిపోవద్దు. అది లేకపోతే, ఉదాహరణకు 17 అనే నంబరును కెర్నల్ మామూలు పదిహేడుగా చదివి, వేరేదాన్ని ఆపేస్తుంది. దీన్ని కూడా ముందు ఒక్క బూట్‌కే పెట్టి చూడండి: గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే లైనక్స్‌ను ఎంచుకునే తెర) ఇ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర చేర్చి, కంట్రోల్ ఎక్స్. సరిగా వస్తే ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్లో, 'క్వయట్' లేదా 'క్వయట్ స్ప్లాష్' అని ఉన్న కోట్ల లోపలే, ఒక ఖాళీ వదిలి రాయండి. ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లు ఆ తర్వాత సుడోతో 'అప్‌డేట్ గ్రబ్' కొట్టాలి, మధ్యలో హైఫన్ ఉంటుంది.

ఈ వారం మీ పని: మిషన్ ఆన్ చేసిన 10 నిమిషాల తర్వాత ఒకసారి, గంట అయ్యాక ఇంకోసారి జీపీఈ లెక్క నోట్‌బుక్‌లో రాసుకోండి. జబ్బు లేని మిషన్ అయినా రాయండి. 5వ పాఠంలో మూత మూసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ తనంతట తనే లేచి వేడెక్కిపోవడం గురించి చూస్తాం. అప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకోవాలి.