కేన్సర్‌కి నులిపురుగుల మందు వాడాలనుకుంటే

అమలాపురంలో మా మందుల షాపుకి, కేన్సర్ తగ్గిపోతుందని చెప్పే వాట్సాప్ వీడియో పట్టుకొచ్చి ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు అడుగుతుంటారండి. ముందు వీడియోలో చెప్పే ఆ ఫలితం ఎక్కడిదో చూడండి. ల్యాబ్ గిన్నెలో కణాలు చావడం వేరు, మనిషిలో గడ్డ కరగడం వేరు. గిన్నెలో వాడినంత మోతాదు మామూలు మాత్రతో రక్తంలోకి చేరదు.

ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినవాళ్లకి 2015లో నోబెల్ వచ్చిందిగా అంటారు. ఆయ్, వచ్చింది, అది బోదకాలు లాంటి పురుగు జబ్బుల మీద పనిచేసినందుకు! కేన్సర్‌కని ఇలాగే వాడే ఫెన్‌బెండజోల్ అయితే పశువుల నులిపురుగుల మందు. సొంతంగా మింగి లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇప్పటికే వేసుకుంటుంటే దాచొద్దు. మాత్రల అట్ట తీసుకెళ్లి కేన్సర్ డాక్టరుగారికి చూపించండి. తిడితే తిట్టనివ్వండి. కీమో మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మనుషుల మీద ట్రయల్స్ ఏవైనా జరుగుతున్నాయేమో సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ని నమోదు చేసే జాబితా) వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు.