సొంత కొలతలతో బేస్ గిటార్ చేయించుకునే ముందు: లోపలి ఎలక్ట్రానిక్స్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణ చేయించుకునేవారు పనస మొద్దును చెక్కినవారితోనే కూర్చుని మాట్లాడతారు. నాదంలో తేడా వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో వారికి తెలుసు. లోపల ప్రత్యేకమైన ఎలక్ట్రానిక్స్ అమర్చిన ఎలక్ట్రిక్ బేస్ గిటార్ సంగతి అలా ఉండదు, ఎందుకంటే అందులో చెక్కపని ఒక వృత్తి, సర్క్యూట్ పని పూర్తిగా వేరొక వృత్తి. 1969లో ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైన అలెంబిక్ సంస్థ ఈ తరహా వాద్యాలకు దారి చూపింది. అక్కడ సర్క్యూట్లు రాన్ వికర్‌షామ్ చూసుకునేవారు, వాద్యాల రూపకల్పన, పికప్‌ల (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) పని రిక్ టర్నర్ చూసుకునేవారు. 1972లో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం బేస్ వాద్యకారుడు జాక్ కాసడీ కోసం వారు చేసిన బేస్ నుంచి నేటి వరకు ఈ రంగంలో పేరు తెచ్చుకున్న వాద్యాలన్నిటి వెనుకా ఆ రెండు పనుల మధ్య పొత్తు కనిపిస్తుంది. ఈ రోజు ఆర్డర్ మీద గిటార్లు చేసే చాలామంది మాత్రం చెక్కపని తాము చేసి, ప్రీఆంప్‌ను, అంటే పికప్ సిగ్నల్‌ను పెంచి తీర్చిదిద్దే బ్యాటరీ సర్క్యూట్‌ను, మరొకరి దగ్గర కొని అమరుస్తారు. ఏదైనా చెడిపోయినప్పుడు బాధ్యత ఆ ఇద్దరి మధ్య ఎక్కడో జారిపోతుంది.

నా మొదటి ఐదు తీగల బేస్ ఒక విదేశీ వర్క్‌షాపులో తయారై పద్నాలుగు నెలలకు నా చేతికి వచ్చింది. రెండో ఏడాది కాకినాడలో ఆరుబయట జరిగిన క్రిస్మస్ సభలో, పాట మధ్యలో, దాని గొంతు ఒక్కసారిగా మూగబోయింది. మరునాడు మంచి అనుభవమున్న టెక్నీషియన్ వెనుక మూత తీసి చూస్తే లోపల ఎపాక్సీ జిగురులో ముంచి గట్టిపరిచిన నల్లటి దిమ్మ ఒకటి కనిపించింది. అందులో ఏముందో ఆయనకు తెలిసే దారి లేదు. ప్రీఆంప్‌ను తప్పించి పికప్ ధ్వనిని నేరుగా బయటికి పంపే స్విచ్ కూడా ఆ వాద్యంలో లేదు. అది తయారీదారు దగ్గరికి వెళ్ళి తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది. చెక్కపనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడగవలసినవి అడగలేదు. అందుకే ఇప్పుడు ఎవరు సలహా కోరినా ఒకే ప్రశ్న ముందు పెట్టుకోమంటాను: చేసినవారు వేల మైళ్ళ దూరంలో ఉండగా ఈ భాగం చెడిపోతే, ఆ రాత్రి కచేరీ సాగుతుందా?

ఈ ప్రశ్నతో మొదట పరీక్షించవలసింది పికప్‌ల రకాన్ని. సొంతంగా కరెంటు అక్కరలేని సాధారణ పాసివ్ పికప్‌లకు ప్రీఆంప్ జోడిస్తే, దాన్ని తప్పించే బైపాస్ స్విచ్ ఒకటి పెట్టించుకుంటే చాలు, బ్యాటరీ అయిపోయినా సర్క్యూట్ కాలిపోయినా వాద్యం మోగుతూనే ఉంటుంది. ఆ స్విచ్ వేసినప్పుడు కూడా వాల్యూమ్, కనీసం ఒక టోన్ నాబ్ పనిచేసేలా వైరింగ్ చేయమని ప్రత్యేకంగా రాయించుకోవాలి. అలా రాయకపోతే కొందరు పికప్‌ను నేరుగా జాక్‌కు కలిపి వదిలేస్తారు. అలెంబిక్ తరహా లో-ఇంపీడెన్స్ పికప్‌లకు ఈ ఉపాయం పనిచేయదు. వాటి నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది కాబట్టి ప్రీఆంప్ లేనిదే అవి ఆంప్లిఫయర్ దాకా బలంగా చేరవు. వాటిని కోరుకునేవారు, సర్క్యూట్ బోర్డును టంకం ఊడదీసే అవసరం లేకుండా ప్లగ్ లాగి మార్చుకునేలా కనెక్టర్లు పెట్టించుకుని, అదే బోర్డు మరొకటి ఆర్డర్‌లోనే కలిపి కొనుక్కోవడం మంచిది. ఆ రెండో బోర్డు ఖర్చు మొత్తం వాద్యం ఖరీదులో చిన్న భాగమే. కొన్నేళ్ళ తర్వాత అడిగితే అది దొరుకుతుందన్న నమ్మకం లేదు.

సర్క్యూట్ పటం, అంటే ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చూపే వైరింగ్ బొమ్మ, వాద్యంతో పాటు ఇవ్వాలని ఒప్పందంలో ఉండాలి. తమ డిజైన్ రహస్యమని ప్రీఆంప్ లోపలి పటం ఇవ్వనివారు ఉంటారు, అది వారి హక్కు. కానీ ఆ పెట్టెలోకి వెళ్ళే తీగలు, బయటికి వచ్చే తీగలు, ఎంత వోల్టేజీకి అది తయారైందో చెప్పే వివరం ఇవ్వడానికి నిరాకరించేవారి దగ్గర ఆర్డర్ పెట్టకండి. వోల్టేజీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. కొన్ని ప్రీఆంప్‌లు 9 వోల్టులకే తయారవుతాయి, కొన్ని 9కీ 18కీ రెండింటికీ సరిపోతాయి. రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 18 వోల్టులు చేస్తే బలంగా మీటినప్పుడు ధ్వని పగలకుండా కాస్త వెసులుబాటు దొరుకుతుంది, కానీ 9 వోల్టుల సర్క్యూట్‌కు అదే 18 ఇస్తే అది కాలిపోవచ్చు.

బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందో లెక్క కట్టడం కష్టం కాదు. మామూలు 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. ప్రీఆంప్ ఒక మిల్లీ ఆంపియర్ లాగితే సుమారు 500 గంటలు వస్తుంది. మెడ పక్కన ముచ్చటగా వెలిగే ఎల్‌ఈడీ చుక్కలు కూడా పెట్టించుకుని మొత్తం పది మిల్లీ ఆంపియర్లకు చేరితే యాభై గంటలకే అయిపోతుంది. కాబట్టి ఎంత కరెంటు లాగుతుందో అంకెలో చెప్పమనండి, ఎల్‌ఈడీలకు వేరే స్విచ్ అడగండి. బ్యాటరీ గదికి మరలు లేని, వేలితో తెరుచుకునే మూత ఉండాలి. జాక్‌లో కేబుల్ గుచ్చగానే బ్యాటరీ కలుస్తుంది కనుక ఇంటికి రాగానే కేబుల్ తీసే అలవాటు కూడా ఇప్పటినుంచే చేసుకోవాలి.

వాద్యంపై ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్ (మైకు కేబుల్ గుచ్చే రకం సాకెట్) కోరుకునేవారు మరొక ప్రమాదం గుర్తుంచుకోవాలి. మిక్సర్ నుంచి మైకుల కోసం వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆ కేబుల్ గుండా బేస్ లోపలికి రావచ్చు. దాన్ని అడ్డుకునే ఏర్పాటు సర్క్యూట్‌లో ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బయటి పవర్ సప్లైతో, ఐదు పిన్నుల ప్రత్యేక కేబుల్‌తో నడిచే వాద్యమైతే ఆ కేబుల్ మన ఊళ్ళో దుకాణంలో దొరకదు కనుక రెండోది తప్పకుండా కావాలి, ఆ పవర్ సప్లై 230 వోల్టులకు తయారైనదో కాదో చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఎర్తింగ్ విషయంలో. దీన్ని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. సాధారణ బేస్‌లో తీగలు బ్రిడ్జి (వాటిని బాడీకి పట్టి ఉంచే లోహపు భాగం) ద్వారా కేబుల్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. తీగలను ముట్టుకోగానే బరబరమనే రొద తగ్గేది అందువల్లనే. కానీ వినాయక చవితి పందిళ్ళలో, జనరేటర్ మీద నడిచే పెళ్ళి వేదికలపైన ఎర్త్ తీగ సరిగ్గా ఉండదు. ఆంప్లిఫయర్ ఒక లైను మీద, మైకు సిస్టమ్ మరొక లైను మీద ఉన్నప్పుడు, చేతులు తీగల మీద ఉండగా పెదవి మైకు జాలీకి తగిలితే షాక్ కొడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. బ్యాటరీతో నడిచే కొన్ని యాక్టివ్ పికప్‌లకు లోపలే తగిన కవచం ఉండడం వల్ల బ్రిడ్జిని గ్రౌండ్‌కు కలపనవసరం లేదు. పికప్‌లు చేసే ఈఎంజీ సంస్థ తన యాక్టివ్ పికప్‌లకు బ్రిడ్జిని గ్రౌండ్‌కు కలిపే ఆ వైరును తీసివేయమనే చెబుతుంది. మీ తయారీదారును అడగవలసిన మాట ఇది: ఈ పికప్‌లతో బ్రిడ్జి గ్రౌండ్ అవసరమా, అవసరం లేకపోతే తీసివేయగలరా? ఈ ఏర్పాటు ఉన్నా వేదిక మీద జాగ్రత్త మానకూడదు. పాడుతూ వాయించేవారు ముందుగా ఎలక్ట్రీషియన్ చేత మైకుకూ తీగలకూ మధ్య వోల్టేజీని మీటరుతో చూపించుకోవాలి. కంట్రోల్ గదికి, అంటే బాడీలో నాబ్‌లూ సర్క్యూట్టూ ఉండే తొలిచిన చోటికి, రాగి రేకు అంటించడం గానీ విద్యుత్తును పంపే పెయింట్ పూయడం గానీ కూడా అడగవలసినదే, ఎందుకంటే మన 50 హెర్ట్జ్ కరెంటు రొద పెళ్ళి లైటింగ్ మధ్య దూరని సందు ఉండదు.

ధ్వని గురించి చెప్పేటప్పుడు విశేషణాలను నమ్ముకోవద్దు. వెచ్చగా, గుండ్రంగా, కండ ఉన్నట్లు అని మనం అనే మాటలు చేసేవారి చెవిలో వేరే అర్థం తెచ్చుకుంటాయి. మీ వేళ్ళతో, మీరు వాడే తీగలతో, ఏ ఎఫెక్టూ లేకుండా నేరుగా రికార్డు చేసిన రెండు నిమిషాల ముక్క పంపి, ఇందులో ఇది కావాలి, ఇది వద్దు అని చెప్పండి. ఫిల్టర్ ఉన్న ప్రీఆంప్ అయితే ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా తిరుగుతుందో, మధ్య ధ్వనుల నాబ్ ఏ అంకె దగ్గర పనిచేస్తుందో కాగితం మీద ఉండాలి.

మిడి (వాద్యాల మధ్య స్వరాల సమాచారం పంపే పద్ధతి) ద్వారా సింథసైజర్‌ను కూడా మోగించాలని ప్రతి తీగకూ వేరే పికప్ పెట్టించుకునేవారు ఒక భౌతిక పరిమితిని ముందే ఒప్పుకోవాలి. ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికి 24 మిల్లీ సెకన్లు. ఐదు తీగల బేస్‌లో దానికంటే మందమైన బి తీగకు 32 మిల్లీ సెకన్లు పడుతుంది. స్వరాన్ని గుర్తించడానికి సర్క్యూట్ రెండు కంపనాలు వినవలసి వస్తే, బి తీగ మీద 65 మిల్లీ సెకన్ల దాకా ఆలస్యం అవుతుంది. వేగంగా సాగే పాటలో అది చేతికి తెలుస్తుంది. పైగా ఇలాంటి పికప్‌లను సింథసైజర్‌కు కలిపే రోలండ్ సంస్థ పాత జీకే పద్ధతి పదమూడు పిన్నుల కేబుల్‌తో, కొత్త డిజిటల్ పద్ధతి వేరే కేబుల్‌తో నడుస్తాయి. కన్వర్టర్ లేకుండా అవి కలవవు. ముందు మీ దగ్గరున్న పరికరం ఏదో చూసుకుని ఆ తర్వాతే చెక్కలో రంధ్రం చేయించాలి.

చెక్క కోసిన తర్వాత మార్చలేనివి మరికొన్ని ఉన్నాయి: పికప్‌ల స్థానం, స్కేల్ పొడవు (తీగలో మోగే భాగం పొడవు), కంట్రోల్ గది లోతు, నాబ్‌ల అమరిక. రెండో వాద్యానికి నేను బ్రౌన్ పేపర్ మీద అసలు కొలతలో బొమ్మ గీసి, అట్టకు అంటించి, కత్తిరించి, నాబ్‌ల చోట సీసా మూతలు అతికించాను. గిటార్ బెల్టుకు కట్టి భుజాన వేసుకుని అరగంట నిలబడి వాయిస్తున్నట్లు చేతులు కదిపి చూశాను. ఆరో మూత ప్రతిసారీ చిటికెన వేలికి తగిలింది. తయారీదారు పంపిన అందమైన కంప్యూటర్ బొమ్మలో ఆ సంగతి కనిపించనే లేదు. ఆ నాబ్‌ను రెండు అంగుళాలు వెనక్కి జరిపించాను. బరువుకు కూడా పైహద్దు రాయించాలి. నాకు 4.2 కిలోలు దాటితే రెండు గంటల కచేరీలో భుజం ఒప్పుకోదు. కంట్రోల్ గది కాస్త పెద్దదిగా, రేపు వేరే ప్రీఆంప్ పట్టేలా ఉంచమనడం ముందుచూపు.

డబ్బు ఒకేసారి ఇవ్వకుండా చెక్క ఎంపికకు కొంత, బాడీ, మెడ పూర్తయ్యాక కొంత, సర్క్యూట్ పనిచేస్తున్న వీడియో చూశాక మిగిలినది అని విడగొట్టుకోండి. చెప్పిన గడువు దాటితే ఏం చేయాలో, తయారీదారు పని ఆపేస్తే మీ చెక్క, మీ భాగాలు ఎవరివో రాసుకోండి. మధ్యలో మీ మనసు మారితే ఆ ఖర్చు మీదేనని కూడా అంతే నిజాయితీగా ఒప్పుకోవాలి.

విదేశం నుంచి తెప్పించేవారు వాడిన కలపల శాస్త్రీయ నామాల జాబితా అడగాలి. రోజ్‌వుడ్ (డాల్బెర్జియా) జాతులన్నీ 2017 జనవరి 2 నాటికి అంతర్జాతీయ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపార ఒప్పందం) నియంత్రణలోకి వచ్చాయి. తయారీ పూర్తయిన సంగీత వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు దొరికింది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు, దాన్ని కోరుకోకపోవడమే క్షేమం. కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదనే కాక రవాణా, బీమా కూడా కలిపిన విలువ మీద లెక్కిస్తారు. తక్కువ ధరతో బిల్లు రాయమని అడగవద్దు, అది నేరం, దారిలో మెడ విరిగితే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది. ఎప్పుడైనా మరమ్మతుకు తిరిగి పంపవలసి వస్తే, మరమ్మతు కోసమేనని ఎగుమతి పత్రాల్లో సీరియల్ నంబరుతో సహా రాయించాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ పూర్తి సుంకం కట్టమంటారు.

మన విశాఖ, కాకినాడ తేమకు మెడ వంగుతుంది, జాక్ తుప్పు పడుతుంది. మెడ వంపును రెండు వైపులా సరిచేసే ట్రస్ రాడ్, మూసివున్న రకం పాట్‌లు (నాబ్‌ల కింద తిరిగే భాగాలు), కంట్రోల్ గది మూలలో తేమ పీల్చే ఒక సిలికా సంచి ఈ ఊళ్ళకు అవసరమైనవి.

పెట్టె రాగానే ఆత్రంతో తెరవకుండా ఒక రోజు గది వాతావరణానికి అలవాటు పడనివ్వండి. తరువాత తీగలు మోగించక ముందే వెనుక మూత తీయండి. నా రెండో బేస్‌లో మూత మర మొన ఒక తెల్లటి తీగ తొడుగును గీరి రాగి మెరుపు బయటపెట్టి ఉంది, మరో నెల ఆగితే షార్ట్ అయ్యేది. టంకం చుక్కలు నిగనిగలాడుతున్నాయో బూడిద రంగులో పగుళ్ళతో ఉన్నాయో చూడండి, బ్యాటరీ తీగల్లో మీటరు పెట్టి కరెంటు కొలిచి ఒప్పందంలోని అంకెతో పోల్చండి. ప్రతి నాబ్‌నూ మొదటి నుంచి చివరి దాకా తిప్పుతూ, ప్రతి స్విచ్ వేస్తూ, ఫోన్‌లో రికార్డు చేయండి. వాడేసిన పాత బ్యాటరీ ఒకటి పెట్టి ధ్వని ఎలా చెడుతుందో విని గుర్తుపెట్టుకోండి, వేదిక మీద ఆ శబ్దం వినిపించగానే కారణం తెలుస్తుంది. లోపాలుంటే వారంలోగా ఫోటోలతో రాయండి.

ఆ పైన వైరింగ్ బొమ్మను లామినేట్ చేయించి, రెండు కొత్త బ్యాటరీలు, సరైన సైజు స్క్రూడ్రైవరు, ట్రస్ రాడ్ కీ, ఆ రెండో సర్క్యూట్ బోర్డుతో కలిపి కేసులోని చిన్న అరలో పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచి తీయకండి.