1.5 పెద్దదా, 1.12 పెద్దదా?

మా ఏడో తరగతిలో సగానికి పైగా 1.12 అనే చెప్పారు. "5 కంటే 12 పెద్దది కదా టీచర్!"

డబ్బులతో చెప్పి చూశాను. 1.5 అంటే రూపాయి ఐదు పైసలని రాశారు. పైసలు చూసిన పిల్లలెవరు ఇప్పుడు! ఇంకో చిక్కు క్రికెట్. 4.5 ఓవర్లకు ఇంకో బంతి కలిస్తే 5 ఓవర్లు. అక్కడ చుక్క తర్వాత ఉన్నది బంతుల లెక్క, పదో వంతులు కాదు. ఇది విడమర్చి చెప్పడానికే ఒక పీరియడ్ పోయింది.

మర్నాడు ఇంట్లోంచి కుట్టుపని టేపు తీసుకెళ్లాను, 150 సెంటీమీటర్లది. బల్ల మీద పరిచి రెండు కొలతలూ వాళ్లతోనే గుర్తు పెట్టించాను. 1.12 మీటర్లు 112 దగ్గర ఆగింది, 1.5 టేపు చివరిదాకా వెళ్లింది.

"అయితే 5 పక్కన సున్నా ఉందనుకోవాలా టీచర్?" అన్నాడు చివరి బెంచీవాడు. వారం నుంచి నేను మొత్తుకుంటున్నది అదే!